సైన్సు పంతులుకు నేర్చుకునే ఏర్పాటు ఏది?

(సైన్సు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మేము పత్రికల వాళ్లం. మా చేతుల్లో పెన్ను ఉంటది గాని చాక్‌పీసు ఉండదు. కాబట్టి పాఠం ఎట్లా చెప్పాలో మీకు చెప్పడానికి రాలేదు. ఆ పని చేసేవాళ్లు మీకు ఇప్పటికే ఎక్కువయ్యారు. పై నుంచి సర్క్యులర్లు చెప్తున్నాయి, ఆఫీసుల నుంచి ఫోన్లు చెప్తున్నాయి, తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ చెప్తున్నాడు. అందరూ చెప్పేవాళ్లే. మేము మాత్రం ఒక ప్రశ్న అడిగిపోదామని వచ్చాం. పిల్లలకు నేర్పే మనిషి తాను నేర్చుకోవడానికి ఈ వ్యవస్థలో ఏ ఏర్పాటు ఉన్నది?

ఇది టీచర్ల సొంత గోడు అనుకుంటే పొరపాటు. సర్కారు బడికి ఇవ్వాళ ఎవరి పిల్లలు వస్తున్నారో మనందరికీ తెలుసు. కూలికి పోయేవాళ్ల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు, తండాల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు. ట్యూషన్ కొనుక్కునే స్తోమత వాళ్లకు లేదు. ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. సైన్సు అనేది వాళ్లకు దొరికితే మీ నలభై ఐదు నిమిషాల పీరియడ్లో దొరకాలె. అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు. అందుకే మీ శిక్షణ సంగతి ఆ తల్లిదండ్రుల సంగతి కూడా.

రెండు కొవ్వొత్తుల లెక్క

ఇరవై ఐదేళ్లకు డీఎస్సీ కొట్టి బడిలో అడుగుపెట్టిన టీచరు అరవై ఒకటో ఏట రిటైరవుతారు. అంటే 36 ఏళ్లు. ఇన్నేళ్లలో సైన్సు ఉన్నచోటనే ఉండదు. 2006లో ప్లూటోను గ్రహాల లిస్టు నుంచి తీసేశారు. 2012లో హిగ్స్ బోసాన్ జాడ దొరికింది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము నిర్వచనమే మారిపోయింది. పారిస్ దగ్గర గాజు జాడీల కింద భద్రంగా దాచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మెను పక్కన పెట్టి ప్లాంక్ స్థిరాంకం మీద కిలోను నిలబెట్టారు. పాత పుస్తకం చదివి పాసైన మనిషి ఇవన్నీ కొత్తగా తెలుసుకోవాల్సిందే.

అయితే ఇవి పేపరు చూసినా తెలుస్తయి. ఎంత పేపరు చదివినా తెలియని సంగతి ఇంకొకటున్నది. ఒక ఉదాహరణ చెప్తాం.

పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించే ప్రయోగం మీ అందరికీ తెలుసు. కొవ్వొత్తి ఆరిపోతది. నీళ్లు గ్లాసులోకి ఎక్కుతయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఉన్నది, అది ఖర్చయిపోయింది, ఆ జాగాలోకి నీళ్లొచ్చాయి అని ఏండ్ల తరబడి చెప్తూ వచ్చారు. ఇప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి, "సార్, రెండు కొవ్వొత్తులు పెడితే?" అని అడిగిందనుకోండి. పెట్టి చూస్తే నీళ్లు ఇంకా పైకి ఎక్కుతయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజన్ అంతే. మరి నీళ్లు ఎక్కువ ఎందుకెక్కినయి?

జవాబు వేడిలో ఉన్నది. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా గ్లాసు అంచు కింది నుంచి బయటికి పోతది. మంట ఆరినాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తది. బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడతది. రెండు కొవ్వొత్తులంటే వేడి ఎక్కువ, బయటికి పోయే గాలి ఎక్కువ, ఎక్కే నీళ్లూ ఎక్కువ. ఆక్సిజన్ ఖర్చయిన మాట నిజమే గాని, దాని బదులు కార్బన్ డయాక్సైడ్ పుడుతది కదా. అయిదో వంతు లెక్క అట్లా కుదరదు.

ఇక్కడ ఆ టీచరు ముందు రెండు తోవలున్నాయి. "కూచో, పరీక్షలో రాయాల్సింది ఇది" అని నోరు మూయించడం ఒకటి. "నాకూ తెలవదు, రేపు మూడు కొవ్వొత్తులు తెచ్చి చూద్దాం" అనడం రెండోది. రెండో మాట అనాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. మూడు కొవ్వొత్తుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలె? సిలబస్ వెనుకబడితే సంజాయిషీ ఎవరు ఇవ్వాలె? రేపటికి తేలకపోతే పక్క ఊరి బడిలో ఎవరిని అడగాలె? టీచరు వృత్తి నైపుణ్యం అంటే ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉండటం. దాన్ని తెచ్చి సర్టిఫికెట్ల మీద, హాజరు పట్టీల మీద కట్టేశారు.

పలుచబడే మజ్జిగ

మన దగ్గర శిక్షణ ఎట్లా జరుగుతదో మీకంటే ఎక్కువ మాకు తెలవదు. రాజధానిలో కొందరికి చెప్తారు. వాళ్లు జిల్లాకొచ్చి ఇంకొందరికి చెప్తారు. ఆ ఇంకొందరు మండలానికొచ్చి మీకు చెప్తారు. పై కుండలో పెరుగు, కిందికొచ్చేసరికి నీళ్ల మజ్జిగ. మాడ్యూల్ చదివి వినిపించడం, సంతకాలు తీసుకోవడం, ఫొటో దిగడం, ఆ ఫొటోను గ్రూపులో పెట్టడం. బీకరు ముట్టకుండా, ఆకు తెంపకుండా, బల్బు వెలిగించకుండా సైన్సు శిక్షణ పూర్తయిపోతది. ఈత నేర్పుతామని పిలిచి ఒడ్డు మీద కూచోబెట్టి ఉపన్యాసం ఇచ్చినట్టు.

తప్పు రిసోర్స్ పర్సన్లది కాదు. వాళ్లూ మీలాంటి టీచర్లే. తమ బడి వదిలేసి, తెల్లారితే మళ్లీ తమ పాఠం తాము చెప్పుకోవాల్సినవాళ్లే. తప్పు ఆ పద్ధతిలో ఉన్నది. పైనున్నవాడికి తెలుసు, కిందున్నవాడికి తెలవదు అనే లెక్క మీద అది నడుస్తది. తరగతిలో ఏం జరిగిందో కింది నుంచి పైకి పోయే తోవ అందులో లేదు.

కాగితం మీద మాటలకు కరువు లేదు. 1966లో కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ల చదువులో సైన్సు, లెక్కలు అందరికీ ఉండాలన్నది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేర్చింది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 51ఏ అధికరణం చెప్తున్నది. 1993లో యశ్‌పాల్ కమిటీ పిల్లల మీద చదువు బరువు గురించి చెప్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువు నుంచి బయటపడాలన్నది. 2020 విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని రాసింది. బాగున్నది. అయితే 50 గంటలు ఎక్కడ? ఎవరితో? చేతిలో ఏం పట్టుకొని? ఫోన్లో వీడియో పెట్టి, దాన్ని అట్లా వదిలేసి, చివర నాలుగు బిట్లు నొక్కితే గంటలు నిండుతయి. తరగతి గది మాత్రం ఉన్నచోటనే ఉంటది.

హోషంగాబాద్ ఏం చేసింది?

ఇది సర్కారు బడిలో అయ్యే పని కాదు, ప్రైవేటోళ్లకో విదేశాలకో కుదురుతది అనేవాళ్లున్నారు. వాళ్ల కోసమే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ ముచ్చట చెప్తాం. ఆ జిల్లా పేరు 2022లో నర్మదాపురం అయింది. నర్మద ఒడ్డున ఉన్న వ్యవసాయ జిల్లా.

1972లో అక్కడ 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఒక పని మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దానికి పూనుకున్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేస్తున్న అనిల్ సద్గోపాల్ అది వదులుకొని పల్లెకొచ్చి కిశోర్ భారతిని పెట్టినవాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, పరిశోధనా సంస్థల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి చాపల మీద కూచున్నారు. 1978లో ఆ కార్యక్రమం జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికీ పాకింది. దీన్ని ముందుకు తీసుకుపోవడానికి 1982లో ఏకలవ్య సంస్థ పుట్టింది. తర్వాత మరికొన్ని జిల్లాలకు పోయింది. బడులు సర్కారువే, జీతాలు సర్కారువే, టీచర్లు మామూలు టీచర్లే. వాళ్లలో చాలామంది సైన్సు డిగ్రీ చదివినవాళ్లు కూడా కాదు.

ఏం చేశారు? ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకాలు తయారుచేశారు. అందులో బట్టీ పెట్టడానికి నిర్వచనాలు వడ్డించి ఉండవు. ఇట్లా చేయి, ఏం కనపడ్డదో రాయి, ఎందుకైందో మాట్లాడుకోండి అని ఉంటది. పిల్లలు నలుగురు నలుగురు జట్లుగా కూచుంటారు. ప్రతి బడికీ తక్కువ ఖర్చులో ప్రయోగాల కిట్టు ఇచ్చారు. ఆకులు తెచ్చి జాతులుగా విడగొట్టడం, పువ్వును విప్పి భాగాలు చూడటం, అయస్కాంతంతో ఆడటం, నాణెం ఎగరేసి సంభావ్యత లెక్క కట్టడం, ఇవీ పాఠాలు.

పరీక్ష కూడా మార్చారు. పిల్లలు పుస్తకం, తమ నోటుబుక్కు దగ్గర పెట్టుకొనే రాయొచ్చు. పుస్తకం తెరిచి ఉన్నా జవాబు దొరకని ప్రశ్న వేయాలంటే ముందు టీచరు ఆలోచించాలె. దానితో పాటు చేతితో చేసి చూపే ప్రయోగ పరీక్ష ఉండేది. పరీక్ష మారకుండా పాఠం మారదని వాళ్లు మొదట్లోనే పట్టుకున్నారు.

ఇక టీచర్ల సంగతి. ఎండాకాలం సెలవుల్లో మూడు వారాల శిబిరం. ఏడాదికి ఒక తరగతి పుస్తకం చొప్పున మూడేళ్లు. పిల్లలు చేయాల్సిన ప్రతి ప్రయోగం టీచర్లు పిల్లల్లాగే కూచొని చేయాలె, తప్పాలె, వాదులాడాలె. బడి మొదలైనాక నెలకోసారి చుట్టుపక్కల బడుల సైన్సు టీచర్లు ఒకచోట కూడేవాళ్లు. ఈ నెల ఏ ప్రయోగం కుదరలేదు, పిల్లలు ఏ ప్రశ్న వేశారు, వచ్చే నెల పాఠానికి ఏం సామాను కావాలె, ఇవే ముచ్చట్లు. బడులకు పోయి చూసేవాళ్లు కూడా ఉండేవాళ్లు గాని వాళ్లు తప్పులు పట్టే ఇన్‌స్పెక్టర్లు కాదు, పక్కన కూచొని సాయం చేసే తోటివాళ్లు. టీచర్లు చెప్పినదాన్ని బట్టి పుస్తకాన్నే తిరగరాశారు. శిబిరంలో నేర్చుకున్న టీచర్లే తర్వాతి ఏండ్లలో శిబిరం నడిపే నిపుణులయ్యారు. మన రెండు కొవ్వొత్తుల పిల్ల అక్కడ ఉండి ఉంటే, ఆమె ప్రశ్న నెల తిరగకముందే పది బడుల టీచర్ల ముందుకు వచ్చి ఉండేది.

ఇంకొక ముచ్చట. పిల్లలు తమ ప్రశ్నలు ఉత్తరాలుగా రాసుకోవడానికి 'సవాలీరామ్' అనే ఒక కల్పిత మనిషిని పుట్టించారు. పల్లెటూరి పిల్ల కార్డు ముక్క మీద ప్రశ్న రాస్తే సవాలీరామ్ పేరుతో జవాబు పోయేది. ప్రశ్నకు అంత గౌరవం ఇచ్చిన బడి మనం ఎన్నడు చూశాం?

అరవింద్ గుప్తా అని ఒక ఇంజనీరు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో పనిచేస్తున్నాడు. 1978లో ఏడాది సెలవు పెట్టి హోషంగాబాద్ వచ్చాడు. అక్కడ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు పెట్టి త్రిభుజాలు, ఘనాలు, అణు నిర్మాణాలు కట్టి చూపాడు. చెత్త నుంచి బొమ్మలు చేసే ఆయన పని దేశమంతా పోయింది, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. దాని మొదటి పాదు సర్కారు బడిలోనే పడ్డది.

ఒక్క ఉత్తర్వుతో మూత

ముప్ఫై ఏళ్లు నడిచిన ఈ కార్యక్రమాన్ని 2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం మూసేసింది. దేశంలోని శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు వద్దని అడిగారు. టీచర్లు అడిగారు. వినలేదు. రాష్ట్రమంతా నడిచే మామూలు పుస్తకం, మామూలు పరీక్ష మళ్లీ వచ్చాయి.

దీని నుంచి మనం నేర్చుకోవాల్సింది రెండు ముక్కలు. మొదటిది, మామూలు టీచరుకు సామాను, సమయం, తోటివాళ్ల జత దొరికితే మంచి సైన్సు చెప్పగలుగుతారని ముప్ఫై ఏళ్ల సాక్ష్యం ఉన్నది. చేతకాదు అనేవాడికి ఇదే జవాబు. రెండోది, ఎంత మంచి పనైనా సర్కారు దయ మీద ఒక్కదాని మీదనే నిలబడితే ఒక్క సంతకంతో కూలిపోతది. దాన్ని కాపాడేది ఊరు. నా బిడ్డ సైన్సు నాకు కావాలె అని తల్లిదండ్రులు అడిగేదాకా, ఆ అడిగే గొంతుల్లో విద్యార్థులు, ఉద్యోగులు కలిసేదాకా ఏ ప్రయోగానికీ భరోసా లేదు.

మన గడ్డ మీద ఎన్ని పాఠాలు

మన దగ్గర సామాను లేదంటారు. ల్యాబు గదికి తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలవదు. నిజమే. ఆ తాళం కోసం కొట్లాడుదాం. అప్పటిదాకా ఆగకుండా చుట్టూ ఒక్కసారి చూద్దాం.

ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉన్నది. 1213 నాటి శాసనం ఉన్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలుతయని ప్రతి పిలగాడూ విన్నాడు. ఇది గొప్ప చెప్పుకొని వదిలేసే ముచ్చట కాదు, సాంద్రత పాఠం. ఊళ్లో దొరికే మామూలు ఇటుకను కిరాణా కొట్టు తక్కెడలో తూచండి. నీళ్లు నిండిన బకెట్లో ముంచి పొర్లిన నీళ్లను కొలవండి. బరువును ఘనపరిమాణంతో భాగించండి. పొడి ఇటుక మునిగినప్పుడు బుడగలు వస్తయి. ఆ గాలి ఎక్కడిది? ఇటుకలో ఎన్ని ఖాళీలున్నాయి? ఆ ఖాళీలు ఇంకా పెంచితే తేలుతదా? ఒక ఇటుక, ఒక బకెట్, రెండు పీరియడ్లు. కాకతీయుల పనివాళ్ల తెలివికి ఇంతకంటే పెద్ద దండం ఏముంటది?

నల్లగొండ సంగతి తీసుకోండి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఆ జిల్లాను దశాబ్దాలు గోస పెట్టింది. వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు మనకు పుస్తకంలో బొమ్మలు కావు. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని, వేరే గతి లేకుంటే ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన ఆ పద్ధతి నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి తెలుసు. బురద నీళ్లలో పటిక తిప్పి మడ్డి కిందికి దిగడం తరగతిలో చూపొచ్చు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేయాలె. నీళ్లు తేటగా ఉంటే మంచివేనా? ఫ్లోరైడు కంటికి కనపడదు, రుచికి చిక్కదు. కంటికి కనపడనిదాన్ని కొలిచి పట్టుకోవడమే సైన్సు. ఈ ఒక్క మాట పిల్లల బుర్రకెక్కితే రేపు వాళ్ల ఊళ్లో ఏ ఫ్యాక్టరీ నీళ్లు కలిపినా వాళ్లు పరీక్ష చేయించమని అడుగుతారు.

సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు ఎవరిని కుట్టినయి? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. పైసలు పుచ్చుకొని దోమలతో కుట్టించుకున్న ఆ మనిషి లేకుంటే ఆ ఆవిష్కరణ లేదు. ఈ కథ చెప్పి ఊరుకోకుండా, బడి వెనుక నిలిచిన నీళ్ల నుంచి తోకపురుగులను గాజు సీసాలో పట్టి, పైన సన్నని వల కట్టండి. వారం పది రోజుల్లో దోమ ఎట్లా అవుతదో పిల్లలు రోజూ రాసుకుంటారు. నీటి మట్టానికి సమాంతరంగా పడుకునేది అనాఫిలిస్ తోకపురుగు, తలకిందులుగా వాలి వేలాడేది క్యూలెక్స్. రాస్ చేసిన పనిలో మొదటి మెట్టు అదే. సీసాలో దోమలు పుట్టినాక వాటిని బయటికి వదలకుండా ఏం చేయాలన్నది కూడా పిల్లలతోనే ఆలోచింపజేయండి.

మన గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన రాకాసి బల్లి ఎముకలకు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్నది. మన ఊరి పేరు ఒక జీవి పేరులో ఉన్నదని ఎంతమంది పిల్లలకు తెలుసు? 1980 ఫిబ్రవరి 16న మన నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు పెట్టి చూస్తుంటే, ఊళ్లలో జనం తలుపులు బిగించుకొని కూచున్నారు. ఆ తలుపులు తెరిపించే పని ఇంకా మిగిలే ఉన్నది. ఆ పనికి ముందు వరుసలో నిలబడాల్సింది సైన్సు టీచరే.

ఉన్నవి వాడుకుందాం, లేనివి అడుగుదాం

అవకాశాలు అస్సలు లేవనడం కూడా అన్యాయమే. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక ఊరూరా తిరుగుతున్నది. దాని 'చెకుముకి' పత్రిక చదివి సైన్సు మీద మోజు పడ్డ పిల్లలు ఇవ్వాళ మన మధ్యనే టీచర్లుగా ఉన్నారు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పిల్లలను సొంత ఊరి సమస్య మీద పరిశోధన చేయమంటది. ఇన్‌స్పైర్ అవార్డులున్నాయి. కొన్ని బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. ముంబయిలో 1974లో పెట్టిన హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం ఉన్నది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రయోగాల సామాను బండ్ల మీద పెట్టుకొని బడులకు తిప్పుతున్నది.

వీటిని వాడుకోవాలంటే టీచరుకు తెలవాలె, పోవడానికి అనుమతి ఉండాలె. ఇన్‌స్పైర్ పోటీ కోసం ఇంటర్‌నెట్ సెంటర్లో రెడీమేడ్ మోడల్ కొనుక్కొచ్చి పిల్ల చేతిలో పెట్టే దుస్థితి పోవాలె. ప్రాజెక్టు అంటే గైడు చూసి ఎక్కించేది, ఫార్మేటివ్ మార్కులంటే దయతో వేసేది అయినంత కాలం ఏ పథకమొచ్చినా బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే మనం గట్టిగా అడగాల్సినవి కొన్నున్నాయి.

ఒకటి, నెలకు ఒక రోజు. చుట్టుపక్కల పది పదిహేను బడుల సైన్సు టీచర్లు ఆన్ డ్యూటీ మీద కూడుకునే హక్కు కావాలె. ఆ రోజు లెక్కలు, రిపోర్టులు, యాప్‌ల ముచ్చట వద్దు. వచ్చే నెల పాఠాల ప్రయోగాలు చేతితో చేసి చూడటం ఒక్కటే ఎజెండా. దూరం నుంచి వచ్చే మేడమ్‌లకు చీకటి పడకముందే ఇల్లు చేరే ఏర్పాటు, దారి ఖర్చులు కూడా అందులో భాగమే.

రెండు, ఖర్చు. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, బల్బులు, లిట్మస్ కాగితం టీచరు జేబు నుంచి కొనాల్సిన పని లేకుండా ప్రతి బడికీ సైన్సు సామాను కోసం విడిగా కొంత మొత్తం కావాలె. గాజు సామాను పగిలితే టీచరు మీద రికవరీ పెట్టొద్దు. పగిలిపోతుందని భయపడి తాళం వేసిన ల్యాబు కంటే పది పరీక్ష నాళికలు పగిలిన ల్యాబు మేలు.

మూడు, పోస్టులు. సైన్సు టీచరు లేని హైస్కూలుకు ఎన్ని శిక్షణలిచ్చి ఏం లాభం? ఫిజికల్ సైన్సు టీచరు లెక్కలు చెప్తూ, బయాలజీ టీచరు ఇంకేదో సర్దుబాటు చేస్తూ బండి లాగే బడిలో కొత్త పద్ధతి ఎవరు మోయాలె? శిక్షణ మాట ఎత్తినప్పుడల్లా ఖాళీల మాట కూడా ఎత్తుదాం.

నాలుగు, పరీక్ష. పదో తరగతి పేపర్లో పిల్ల చేసి చూసినదాన్ని అడిగే ప్రశ్న వస్తే తప్ప బడిలో చేసి చూడటం మొదలుకాదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లలో తరగతి గదిలో నిలబడే టీచర్లు ఉండాలె.

అయిదు, కింది నుంచి పైకి పోయే తోవ. పుస్తకంలో ఏ ప్రయోగం కుదరడం లేదో టీచర్లు రాస్తే, రాసినదానికి జవాబు రావాలె. తర్వాతి ముద్రణలో ఆ పేజీ మారాలె.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో డిగ్రీలు, పీజీలు సైన్సులో చేసినవాళ్లున్నారు. పోటీ పరీక్షల పుస్తకాల నడుమ నెలకో పూట తీసి మీ ఊరి బడికి పోండి. సార్‌ను అడిగి, మీరు చదువుకున్న బెంచీ మీదనే నలుగురు పిల్లలతో ఒక ప్రయోగం చేయండి. ఉద్యోగ మిత్రులకు ఇంకో మాట. మీ ఆఫీసుల్లో టీచర్ల ఫైళ్లు, టీఏ బిల్లులు, ల్యాబు సామాను ఇండెంట్లు ఉంటయి. ఒక ఇండెంటు మీ టేబుల్ మీద నెల రోజులు పడుకుంటే ఒక బడిలో ఒక పాఠం పడుకుంటది. ఆ ఫైలు కదపడం కూడా సైన్సు సేవే.

సార్లూ, మేడమ్‌లూ, చివరగా మీకు. ఉత్తర్వు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఈ హాల్లో నుంచి లేచేముందు పక్కపక్క ఊళ్ల టీచర్లు అయిదుగురు అయిదుగురు ఒక జట్టు కట్టండి. వచ్చే నెల ఎవరి బడిలో కూడుకుంటారో తేదీ రాసుకోండి. తలా ఒక పిల్ల వేసిన, మీకు జవాబు తెలవని ప్రశ్న ఒకటి పట్టుకొని రండి. అయిదు ప్రశ్నలు, అయిదు బుర్రలు, ఒక పూట. పిల్లల ప్రశ్న దగ్గర మొదలైన శిక్షణను ఎవరూ ఒక సంతకంతో మూసేయలేరు.

ఉంటాం. మీ మొదటి సమావేశం తేదీ మాకూ చెప్పండి, నోటుబుక్కు పట్టుకొని వస్తాం.